పాత పోస్టాఫీసు నుంచి పూర్ణా మార్కెట్ దాకా: నడుస్తూ వీధిలోని కళను చూడటం ఎలా

విశాఖపట్నంలో మా ఇంటికి చుట్టాలొస్తే అందరిలాగే నేనూ తిన్నగా బీచ్ రోడ్డుకి తీసుకెళ్లేవాణ్ని. కురుసుర సబ్‌మెరైన్, కైలాసగిరి, పొద్దుంటే సింహాచలం. ఇప్పటికీ తీసుకెళ్తున్నాను. కాకపోతే ఒక్క పొద్దున్న మాత్రం నా కోసం ఉంచమని అడుగుతున్నాను. ఆ పొద్దున్న వన్‌టౌన్ సందుల్లో నడుస్తాం.

వీధిలో కళ అనగానే కార్పొరేషన్ వాళ్లు గోడల మీద వేయించిన బొమ్మలు, బీచ్ రోడ్డు పొడుగునా ఉన్న విగ్రహాలు గుర్తొస్తాయి. అవీ బాగుంటాయి. వాటిని చూడటం మాత్రం ఎవరూ నేర్పక్కర్లేదు, వాటి సైజే మనల్ని ఆపుతుంది. నేను చెప్పబోయేది రోజూ కాళ్ల కిందా నెత్తి మీదా ఉండి కూడా కంటికి ఆననివాటి గురించి: గుమ్మం ముందు ముగ్గు, కిటికీ గ్రిల్లు, చేత్తో రాసిన కొట్టు బోర్డు, పిట్టగోడ మీద సిమెంటు హంస, గోనెపట్టా మీద పేర్చిన నిమ్మకాయలు.

వీటిని పట్టుకోవడానికి నేను వాడే ప్రశ్న ఒక్కటే: ఈ పని జరగడానికి ఇంత అక్కర్లేదు కదా, మరి ఎందుకు చేశారు? దొంగ రాకుండా ఉండాలంటే కిటికీకి నిలువు ఊచలు చాలు. ఆ ఊచల మధ్య నెమలి ఎందుకు? నిమ్మకాయలు కుప్పగా పోసినా అమ్ముడుపోతాయి. ఒక్కో వరసకీ ఒక్కోటి తగ్గిస్తూ గోపురంలా ఎందుకు పేర్చింది వాటిని అమ్మే ఆవిడ? అవసరం తీరిపోయాక కూడా చెయ్యి ఆగకుండా ఇంకాస్త పని చేసిన చోటు కనబడిందంటే అక్కడ నిలబడండి. మిగతాదంతా ఆ నిలబడటం ఎలాగో చెప్పడమే.

1. పొద్దున్న ఆరింటికల్లా అక్కడ ఉండండి

దీనికి మూడు కారణాలు. ముగ్గులు అప్పుడే పడుతుంటాయి. ఎనిమిది దాటితే బళ్ల చక్రాలు వాటి మీదుగా వెళ్లిపోతాయి. రెండోది, కొట్లు తెరవరు కాబట్టి షట్టర్లు, బోర్డులు, మేడ మీది గోడలు అడ్డం లేకుండా కనబడతాయి. మూడోది వెలుగు. మనది తూర్పు తీరం. సముద్రం మీంచి ఏటవాలుగా వచ్చే ఎండలో రాతి మీద చెక్కిన గీత, సిమెంటులో తీర్చిన రేకు లేచి నిలబడతాయి. అదే గోడని పదకొండింటికి చూస్తే చప్పగా ఉంటుంది. పైగా పదకొండింటికి మన ఊళ్లో ఉక్కపోత సంగతి తెలిసిందే, గోడ చూసే ఓపిక ఉండదు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా నడవొచ్చు. అందులోనూ ధనుర్మాసం, అంటే డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా, ముగ్గుల కోసం వెళ్లేవాళ్లకి పండగే.

2. తక్కువ దూరం, ఎక్కువ సేపు

పాత పోస్టాఫీసుకి వెళ్లే సిటీ బస్సెక్కి అక్కడ దిగండి. బురుజుపేట, రాణీబొమ్మ, కోటవీధి చుట్టుపక్కల సందులు, కురుపాం మార్కెట్, చివరికి పూర్ణా మార్కెట్. పనుండి వెళ్లేవాళ్లకి ఇది పెద్ద దూరం కాదు. మీరు మాత్రం నాలుగు గంటలు పెట్టుకోండి. తిన్నగా వెళ్లాలని పట్టుబట్టకండి. సందు పిలిస్తే తిరగండి, దారి తప్పితే మెయిన్ రోడ్డు ఎటని అడిగితే ఎవరైనా చెప్తారు.

ఈ పేర్లనే ఒకసారి పైకి చదవండి. బురుజుపేట, కోటవీధి, సోల్జర్‌పేట. ఈస్టిండియా కంపెనీ వాళ్ల కోట ఇక్కడుండేది. ఆ కోట పోయింది, బురుజూ పోయింది, పేర్లు మాత్రం ఆటోవాళ్ల నోట ఇంకా ఉన్నాయి.

చేతిలో చిన్న నోటుపుస్తకం, పెన్సిలు, నీళ్ల సీసా చాలు. ఫోను జేబులో పెట్టండి. మొదటి అరగంట బయటికి తీయకండి. ఫోటో తీసిన క్షణాన కన్ను తన పని అయిపోయిందనుకుంటుంది. బొమ్మ గీయడం మొదలుపెడితే మాత్రం ఆ గ్రిల్లులో ఎన్ని వంపులున్నాయో లెక్కపెట్టక తప్పదు. బొమ్మ బాగా రాకపోయినా నష్టం లేదు, అది ఎవరికీ చూపించక్కర్లేదు.

ఇంకో జాగ్రత్త. పైకి చూడాలంటే ఆగి చూడండి. నడుస్తూ పైకి చూడకండి. సందుల్లో కాలువల మీద పలకలు అన్నిచోట్లా ఉండవు, బైకులు హారను కొట్టకుండానే వచ్చేస్తాయి.

3. ముందు నేల చూడండి

ఏదో ఒక ముగ్గు దగ్గర ఆగండి. అందంగా ఉందని ఊరుకోకుండా అది ఎలా పడిందో వెనక్కి చదవండి.

ముందు చుక్కలు లెక్కపెట్టండి. నడిమి వరస ఎంత, చివరి వరస ఎంత? నడుమ 15 ఉండి, పైకీ కిందికీ ఒక్కోటి తగ్గుతూ 8 దగ్గర ఆగిందనుకోండి, ఒక వరస చుక్క పై వరసలోని రెండు చుక్కల సందులో పడుతుంది. దాన్నే సందు చుక్క అంటారు. అలా పెడితే మొత్తం ఆరు మూలల ఆకారం వస్తుంది. చుక్క కింద చుక్క తిన్నగా వస్తే ఆకారం వేరు. ఇప్పుడు గీత చూడండి. చుక్కల్ని కలుపుతూ పోయిందా, చుక్కల్ని తాకకుండా వాటి చుట్టూ తిరిగిందా? తిరిగితే అది మెలికల ముగ్గు. దాని మీద వేలు పెట్టకుండా గాల్లోనే ఆ గీతను అనుసరించండి. బయల్దేరిన చోటుకి మళ్లీ వస్తారు. ఎక్కడా తెగకుండా వస్తే ఆ వేసిన మనిషి బుర్రలో మొత్తం దారి ముందే ఉందన్నమాట.

ఇంకా దగ్గరికి వంగండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి జారుతుంది. కొత్త గుప్పెడు తీసుకుని మళ్లీ మొదలుపెట్టిన చోట గీత రవ్వంత లావుగా ఉంటుంది, గుప్పెడు అయిపోవస్తున్న చోట సన్నబడుతుంది. కల్లాపి ఇంకా ఆరని చోట పిండి తడిని పీల్చుకుని మసకగా అంటుకుంటుంది, ఆరిన చోట తెల్లగా పైకి తేలుతుంది. మా వీధి చివరింటి పెద్దావిడ ముగ్గుని, వేసిన మనిషిని చూడకుండానే గుర్తుపట్టగలనని ఒకప్పుడు గొప్పగా అనుకునేవాణ్ని. ఆవిడ వంపు దగ్గర చెయ్యి ఎప్పుడూ కాస్త నిదానిస్తుంది, అక్కడ పిండి మందంగా పడుతుంది. ఆవిడ దస్తూరీ అది.

ఇప్పుడు చాలా గుమ్మాల ముందు పెయింటుతో వేసిన ముగ్గులు, అతికించిన స్టిక్కర్లు కనబడతాయి. వాటిని చిన్నచూపు చూడను, మోకాళ్లు సహకరించని వయసులో అదే ఆధారం. కానీ వెతకాల్సింది ఏమిటంటే, స్టిక్కరు ఉన్న ఇంటి ముందు కూడా పొద్దున్నే ఒక మూల రెండు గీతలు పిండితో పడి ఉంటాయి. అవి చూసినప్పుడు నాకు మనసు నిండుతుంది.

ముగ్గు మీద కాలు పెట్టకండి, దాటకండి, చుట్టూ తిరిగి వెళ్లండి. వేస్తున్న మనిషి అక్కడే ఉంటే "అమ్మా, ముగ్గు చాలా బాగుంది, ఫోటో తీసుకోవచ్చా" అని అడిగి, ఆవిడ పక్కకి జరిగాకే తీయండి.

4. గడప దగ్గర ఆగండి, బురుజుపేటలో కాస్త ఎక్కువసేపు

పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన గడపలు ఊరంతా ఉంటాయి. బొట్ల మధ్య దూరం చూడండి. స్కేలు పెట్టి కొలిచినట్టు ఉంటుంది కొన్నిచోట్ల. బొట్టుబొట్టుకీ నడుమ తెల్లటి బియ్యప్పిండి చుక్క కూడా పెట్టేవాళ్లున్నారు.

బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి వెళ్లండి. గర్భగుడికి పైకప్పు ఉండదు, అమ్మవారు ఆకాశం కిందే ఉంటుంది. మొక్కుకున్నవాళ్లు తమ చేత్తోనే పసుపు, కుంకుమ సమర్పిస్తారు. మార్గశిర మాసంలో లక్ష్మివారాలు ఇసకేస్తే రాలని జనం. పూల అలంకారం చూడాలంటే ఆ రోజుల్లో వెళ్లాలి, తీరిగ్గా నిలబడి చూడాలంటే మామూలు రోజు వెళ్లాలి. నేను రెండోదే చెప్తాను. గుడి బయట పూజ సామాను అమ్మే కొట్ల దగ్గర పసుపు, కుంకుమ, ఎర్ర జాకెట్టు గుడ్డలు, ఆకుపచ్చ గాజులు ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టారో చూడండి. ఆకుపచ్చ గాజుల వెనక పసుప్పచ్చ పెడితే గాజు వెలుగుతుంది. ఆ కొట్లో కూర్చున్నామెకి ఆ సంగతి ఎవరూ పుస్తకంలో చెప్పి ఉండరు. గర్భగుడి దగ్గర ఫోన్లు వద్దు.

5. రాతి గోడకి ముక్కు ఆనించినంత దగ్గరికి వెళ్లండి

రాణీబొమ్మ, అంటే విక్టోరియా రాణి విగ్రహం. ఆ పరిసరాల్లో పాత కట్టడాల గోడలు ఇంకా కొన్ని మిగిలాయి. సున్నం, పెయింటు పూయకుండా రాయి బయటికి కనబడే చోటు వెతకండి. అది ఎక్కువగా ఖోండలైటు, మన తూర్పు కనుమల రాయి. ఖోండు గిరిజనుల పేరు మీద ఆ రాయికి ఆ పేరు పెట్టారు. దూరం నుంచి గోధుమరంగులో మట్టిముద్దలా ఉంటుంది. జానెడు దూరంలోంచి చూస్తే అందులో చిన్న చిన్న ముదురెరుపు గింజలు కనబడతాయి, దానిమ్మ గింజ ఎండిపోయినట్టు. అవి గార్నెట్లు.

ఈ ఒక్క విషయం తెలిశాక నాకు బీచే మారిపోయింది. అల వెనక్కి వెళ్లినప్పుడు తడి ఇసక మీద గులాబీ ఎరుపు చారలు, నల్లటి చారలు ఈకల్లా పరుచుకోవడం చూసే ఉంటారు. ఆ ఎరుపు ఇసకలో ఉన్నవి ఇవే గార్నెట్లు. కొండ రాయి అరిగి, వాగుల్లో దొర్లి, సముద్రం చేతికి వచ్చిన గింజలు. బరువైన గింజని అల ఒకచోట, తేలికైనదాన్ని ఇంకోచోట వదులుతుంది కాబట్టి చారలు పడతాయి. పొద్దున్న గోడలో చూసినదాన్ని సాయంత్రం ఆర్కే బీచ్‌లో అరచేతిలోకి తీసుకుని చూడండి.

రాతి కట్టడాల మీద ఆసక్తి కలిగితే ఇంకో రోజు కేజీహెచ్, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రి, పాత భవనాల వైపు వెళ్లండి. 1923లో ప్రారంభించిన ఆసుపత్రి అది. రోగులకీ వాళ్ల మనుషులకీ అడ్డం రాకుండా రోడ్డు మీంచే చూడాలి. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం పాత భవనాలు కూడా చూడదగ్గవి.

ఓడరేవు, నేవీ గేట్లు, వాటి గోడల దగ్గర మాత్రం ఫోను బయటికి తీయనే వద్దు. తూర్పు నౌకాదళం కేంద్రం ఉన్న ఊరు మనది, ఆ హద్దు పాటించాలి.

6. ఇప్పుడు తలెత్తండి: గ్రిల్లు, పిట్టగోడ, పెంకు

కోటవీధి చుట్టుపక్కల మేడలున్న సందులో ఏదో ఒక ఇల్లు ఎంచుకుని ఎదురుగా నిలబడండి. కింద కొట్టుకి కొత్త బోర్డూ గాజు తలుపూ వచ్చేసి ఉంటాయి. మొదటి అంతస్తు నుంచి పైకి మాత్రం పాత ఇల్లు అలాగే ఉంటుంది. అందుకే ఈ ఊరి సగం అందం పన్నెండు అడుగుల ఎత్తు దాటాక మొదలవుతుందని నా నమ్మకం.

పిట్టగోడ మీద సిమెంటులో పోసిన అక్షరాలు చదవండి. ఇంటి పేరు, కొన్నిటికి కట్టిన సంవత్సరం, పైన తామరపువ్వో, ఎదురెదురుగా రెండు హంసలో. హంసలు రెండూ ఒకేలా ఉన్నాయేమో పోల్చండి. ఎప్పుడూ ఉండవు. కుడిచేతివాటం మేస్త్రికి ఒక పక్క హంస మెడ బాగా వంగుతుంది, రెండోది కొంచెం బిగుసుకుంటుంది. తేడా కనబడ్డాక తాపీ పట్టుకున్న ఆ మేస్త్రి పరంజా మీద నిలబడి ఉన్నట్టే ఉంటుంది. గాలి ఆడటానికి పెట్టిన సిమెంటు జాలీలు, ఎర్రటి మంగళూరు పెంకులు, వాటి చివర గాలికి లేచిపోకుండా వేసిన సున్నపు కట్టు, ఇవన్నీ అక్కడే ఉంటాయి. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న వచ్చి వెళ్లిన తర్వాత చాలా ఇళ్లకి పెంకు పోయి రేకు వచ్చింది. ఒకే కప్పు మీద సగం పెంకు, సగం రేకు కనబడితే ఆ రోజు గుర్తొస్తుంది.

ఇక గ్రిల్లు. చేతికందే ఎత్తులో ఉన్న పాత ఇనప గ్రిల్లు ఒకటి చూసుకోండి, ఇంటివాళ్లని అడిగి దగ్గరికి వెళ్లండి. సముద్రపు గాలి ఇనుమును తినేస్తుంది కాబట్టి మన ఊళ్లో గ్రిల్లుకి పెయింటు వేస్తూనే ఉండాలి. పెచ్చు ఊడిన చోట అంచు చూడండి. నేను తరచూ ఆగే ఒక గ్రిల్లుకి పైన గోధుమరంగు, దాని కింద లేత నీలం, దాని కింద ఆకుపచ్చ, ఇంకా కింద మళ్లీ నీలం, అడుగున తుప్పు పట్టకుండా ముందు వేసే ఎర్రటి రెడాక్సైడు. ఉల్లిపాయ కోసినట్టు పొరలు పొరలు. ఏ పెళ్లికి ఆ నీలం వేశారో, ఏ పండగకి ఆకుపచ్చ వేశారో ఆ ఇంటివాళ్లకే తెలుసు. పొర మీద పొర పడి గ్రిల్లులోని నెమలి పింఛం సందులు సగం పూడుకుపోయాయి. చిన్నప్పుడు సన్నగా ఉండి వయసొచ్చి ఒళ్లు చేసిన నెమలిలా ఉంటుంది అది. నాకు ఆ నెమలంటే ఇష్టం.

7. బోర్డులు చదవకండి, చూడండి

ఈ నడకలో నాకు అన్నిటికంటే ప్రాణమైన భాగం ఇదే, ఇక్కడ మీరు కాస్త ఓపిక పట్టాలి.

ఫ్లెక్సు వచ్చాక బోర్డులన్నీ ఒకే నాలుగైదు ఫాంట్లలోకి దిగిపోయాయి. చేత్తో రాసినవి ఇంకా సందుల్లో ఉన్నాయి: పాత కిరాణా కొట్లు, సైకిలు రిపేరు, టైలరు, పిండి మిల్లు, లారీ వెనక భాగం, పడవల పక్కలు. గుర్తుపట్టడం తేలిక. బోర్డు మీద ఒకే అక్షరం రెండుసార్లు వచ్చిన చోటు వెతకండి. రెండు "ర"లూ అచ్చు గుద్దినట్టు ఉంటే కంప్యూటరుది. ఒకదాని పొట్ట ఇంకోదానికంటే రవ్వంత గుండ్రంగా ఉంటే చేతిది.

చేతి బోర్డు దొరికాక ఈ నాలుగూ చూడండి. తలకట్టు ఎలా ఉంది? కొందరు టిక్కు కొట్టినట్టు చిన్నగా పెడతారు, కొందరు పిట్ట రెక్కలా చాపుతారు. కొమ్ము ఎక్కడిదాకా సాగింది? చివరి అక్షరం కొమ్మునో దీర్ఘాన్నో లాగి పేరు కింద గీతగా మార్చేవాళ్లున్నారు. షేడ్ ఏ పక్కకి పడింది? ఎడమ కిందికి పడితే అన్ని అక్షరాలకీ అటే పడాలి. మంచి చెయ్యి ఎక్కడా తప్పదు. చివరిగా కింద కుడి మూల చూడండి. చిన్న అక్షరాల్లో పెయింటరు పేరు, పక్కన "ఆర్ట్స్" అని ఉంటుంది. కొట్టు యజమాని పేరు చదివినంత శ్రద్ధగా ఆ పేరూ చదవండి, పుస్తకంలో రాసుకోండి. రెండో మూడో నడకల తర్వాత ఒకే పేరు ఐదారు బోర్డుల మీద కనబడుతుంది. అప్పుడిక సంతకం చూడకముందే అతని చెయ్యి తెలిసిపోతుంది.

అదృష్టం బాగుంటే రాస్తున్న మనిషే దొరుకుతాడు. పూర్ణా మార్కెట్ వెనక సందులో ఒకాయన నిచ్చెన మీద నిలబడి ఒక కిరాణా కొట్టుకి "శ్రీ లక్ష్మీ" అని మొదలయ్యే బోర్డు రాస్తుంటే ముప్పావుగంట కింద నిలబడ్డాను. ముందు సుద్ద పూసిన నూలుదారం రెండు కొసలా బిగించి పట్టుకుని, నడుమ లాగి వదిలాడు. టప్పుమని తెల్లటి గీత పడింది. అలాంటివి రెండు. తర్వాత అక్షరాలు సుద్దతో పలచగా రాసుకున్నాడు. ఎడమచేతిలో కర్ర ఒకటి, దాని కొసకి గుడ్డ చుట్టి ఉంది. ఆ కర్రని బోర్డుకి ఆనించి, దాని మీద కుడి మణికట్టు వాల్చి, ఎనామిల్ పెయింటులో బ్రష్షు ముంచి డబ్బా అంచుకి రెండు వైపులా ఒత్తి, అప్పుడు పెట్టాడు మొదటి గీత.

ఎంతసేపూ కిందనే నిలబడ్డానని చూసి "ఏటి బాబూ, ఏటి సూస్తన్నావ్?" అన్నాడు. బోర్డు రాయడం చూస్తున్నానన్నాను. బ్రష్షుతో "క్ష్మీ" చూపించి అన్నాడు: "లచ్చిమి అనీసినంత ఈజీ కాదు బాబూ లక్ష్మి రాయడం. కిందకి రెండు వత్తులు దిగతాయి. ముందే జాగా ఒగ్గకపోతే అడ్రెసు ఎక్కడ రాస్తాం?"

నిజమే. క కింద ష వత్తు, దాని కింద మ వత్తు. పక్కనున్న అక్షరాలకి కింద ఏమీ లేదు. ఆ ఖాళీని అలా వదిలేస్తే బోర్డు ఒకవైపు కుంగినట్టుంటుంది. ఆయన పక్క అక్షరాన్ని కొంచెం పొడుగు చేశాడు, "శ్రీ"లో ర వత్తుని ఎడమకి బాగా చాపాడు, అది కింద ఉన్న ఖాళీని నింపేసింది. అప్పట్నుంచి ఏ బోర్డు చూసినా ముందు వత్తుల లెక్క చూస్తాను. ట్రేడర్స్, మెడికల్స్, వస్త్రాలయం. ఏ వత్తుని ఎక్కడ సర్దారు, కింద అడ్రసు ఎక్కడ ఇరుక్కుంది. మీరూ అది ఒక్కటి చూసినా చాలు, రోడ్డంతా చదువుకోవడానికి ఉంటుంది.

పాత సత్రాలు, బడుల మీది ఫలకాల్లో ఇంకో నిధి దొరకొచ్చు: వలపలగిలక. "ధర్మ" అనే మాటని "ధమ౯" అని రాసేవాళ్లు ఒకప్పుడు. మ పక్కన, తెలుగు తొమ్మిది అంకెలా కనబడే ఆ గుర్తే ర పలుకుతుంది. ఎవరో తప్పు రాశారనుకుని దాటిపోకండి. అది కనబడితే ఆ ఫలకానికి మన తాతల వయసన్నా ఉంటుంది.

8. కురుపాం మార్కెట్ పని చేతులు

ఈపాటికి ఎనిమిదిన్నర అవుతుంది. బంగారం, వెండి కొట్లు ఇంకా తెరవరు, పనివాళ్లు కూర్చునే చిన్న గదులు కొన్ని ముందే తెరుచుకుంటాయి. తలుపు దగ్గర నిలబడి చూడనిస్తారా అని అడగండి. వద్దంటే వచ్చేయండి, అది వాళ్ల జాగ్రత్త. చూడనిస్తే మాట్లాడకుండా చూడండి.

ఇక్కడ నిలబడ్డప్పుడల్లా ఒక పాత సంగతి గుర్తొస్తుంది. పద్దెనిమిదో శతాబ్దంలో విశాఖపట్నం ఏనుగుదంతపు పనికి పేరుమోసిన ఊరు. టేకు, నల్లచేవ లాంటి చెక్కతో చేసిన బల్లలు, పెట్టెల్లో దంతం పొదిగి, దంతం మీద సన్నటి లతలు చెక్కి, ఆ గీతల్లో నల్లటి లక్క నింపేవాళ్లు. కంపెనీ దొరలు వాటిని ఓడల్లో పట్టుకుపోయారు. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పుడూ ఉన్నాయి, పక్కన వైజాగపటం అని రాసి. ఇవాళ అనకాపల్లి జిల్లాలో ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రని తరిణ పట్టి లక్క పూసే బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రెండూ వేరు వేరు పనులే. అయినా గీతలో నల్లగా నింపినదీ లక్కే, బొమ్మ ఒంటి మీద మెరిసేదీ లక్కే. ఇంట్లో ఏటికొప్పాక బొమ్మ ఉంటే ఆ సాయంత్రం దాన్ని తీసి రంగు మారే చోట అంచు చూడండి, ఎంత తిన్నగా ఉంటుందో.

9. పూర్ణా మార్కెట్‌లో చివరి గంట

ఇక్కడ గోల ఎక్కువ. అందుకని ముందే ఒకటి తేల్చుకుని లోపలికి వెళ్లండి: ఇవాళ పూలు, లేదా ఇవాళ కాయగూరల రాశులు. రెండూ చూద్దామనుకుంటే రెండూ చూడరు.

పూలయితే దండ కట్టే చేతుల దగ్గర నిలబడండి. రెండు మల్లెలు ఇటు, రెండు అటు, తొడిమలు ఒకదానికొకటి ఎదురుగా, దారం ఒక చుట్టు, ముడి. మూడు నాలుగు ముళ్లకి ఒకసారి కనకాంబరం, ఇంకొన్నిటికి మరువం. చూపు చేతుల మీద ఉండదు వాళ్లకి, బేరం ఆడే మనిషి మీద ఉంటుంది. అయినా తెలుపూ కాషాయం వరస తప్పదు. మూర కొలిచి ఇచ్చేటప్పుడు తెంపే చోటు గమనించండి. చాలామంది కనకాంబరం తర్వాతే తెంపుతారు, కొస తెల్లగా బోసిగా ఉండకుండా. కాసేపు చూసినందుకు ఒక మూర కొనండి. చూసి ఊరికే వెళ్లిపోవడం బాగోదు.

కాయగూరలైతే కింద కూర్చుని అమ్మేవాళ్ల దగ్గరికి వెళ్లండి. వంకాయల తొడిమలన్నీ ఒకే వైపుకి, పచ్చిమిరపకాయల కుప్ప పక్కన టమాటాలు, కొత్తిమీర కట్టలు వేళ్లు లోపలికి, ఆకులు బయటికి పెట్టి చక్రంలా. మీరు నిమ్మకాయ ఒకటి తీసుకుంటే గోపురానికి కన్నం పడుతుంది. డబ్బులు కొంగున ముడేసుకునేలోపే ఆవిడ చెయ్యి ఇంకో కాయని ఆ కన్నంలో పెట్టేస్తుంది. ఆ ఒక్క కదలిక కోసం నేను అక్కర్లేకపోయినా నిమ్మకాయలు కొంటాను.

10. టీ తాగుతూ మూడు వాక్యాలు రాయండి

మార్కెట్ బయట టీ కొట్టు దగ్గర కూర్చుని పుస్తకం తీయండి. ఎక్కువ వద్దు. ఏ సందు, ఏ వస్తువు, అందులో అక్కర్లేకపోయినా చేసిన పని ఏమిటి. అంతే. "బాగుంది", "అద్భుతం" లాంటి మాటలు రాయకండి, నెల తర్వాత చదివితే వాటిలోంచి ఏమీ కనబడదు. "నెమలి, తోకలో తొమ్మిది వంపులు, ఎడమ నుంచి మూడోది విరిగింది" అని రాస్తే కనబడుతుంది.

తర్వాతి నెల అదే సందుకి మళ్లీ వెళ్లండి. కొత్త సందు వెతుక్కోవద్దు. ఒక బోర్డు ఫ్లెక్సుగా మారిపోయి ఉంటుంది, ఒక ముగ్గు వేసే చెయ్యి మారి ఉంటుంది, కోడలిదో కూతురిదో కొత్త వంపు వచ్చి ఉంటుంది. నేను చెప్పిన ఆ గోధుమరంగు నెమలి గ్రిల్లుకి మొన్న వెళ్లేసరికి ఊదారంగు వేస్తున్నారు. తోకలో పూడుకుపోయిన సందుల్ని ముందు ఉప్పుకాగితంతో గీకించుకుంది ఆ ఇంటావిడ. ఎండలో నిలబడి, పెయింటరుకి పక్కనుండి చూపిస్తోంది: "ఇక్కడ ఇంకా ఉంది చూడు బాబూ, ఈ ఈక కూడా గీకు."